వీఆర్‌ఎస్ డబ్బుతో కొన్న ఫ్లాట్: ఓసీ రాకముందే దిగిపోవచ్చా, అబ్బాయి పేరున రాయించొచ్చా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. గాజువాక వైపు ఒక కంపెనీలో పనిచేసి ఈమధ్యే వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నాను. ఆ డబ్బుతో మధురవాడలో 58 లక్షలకి ఫ్లాట్ మాట్లాడుకుని ఇప్పటికి 46 లక్షలు కట్టాం. చేతిలో నోటరీ అగ్రిమెంట్ ఒక్కటే ఉంది. ఓసీ (బిల్డింగులో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) రాలేదు. "అది వచ్చేస్తుందండీ, శ్రావణంలో పాలు పొంగించేసుకోండి, మిగతా 12 లక్షలు ఇచ్చేయండి, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం" అంటున్నారు బిల్డర్ గారు. మరో రెండు నెలల్లో క్వార్టర్స్ ఖాళీ చేయాలి. బెంగళూరులో ఉన్న మా అబ్బాయేమో, ఎలాగూ తనకే వచ్చేది కాబట్టి ఇప్పుడే తన పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తే రెండోసారి ఖర్చు ఉండదంటున్నాడు. మాకు పెళ్లయిన అమ్మాయి కూడా ఉంది. ఇంకో విషయం, 'ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు' అని కంపెనీ ఒక కాగితం మీద సంతకం అడుగుతోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ 12 లక్షలు ఇవ్వకండి. మీ చేతిలో మిగిలిన బలం అదొక్కటే. ఓసీ చూపించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ పేరున సేల్ డీడ్ రాసిచ్చే రోజున ఇవ్వండి, అంతకు ఒక్క రోజు ముందు కూడా వద్దు. ఇక ఇల్లు మీ పేరున, మీ ఆవిడ పేరున ఉండాలి, అబ్బాయి పేరున కాదు. ఎందుకో వివరంగా చెప్తాను.

బిల్డర్ ఇప్పటికే ఒక తప్పు చేశారు. 2016 రెరా చట్టం (బిల్డర్ల మీద నియంత్రణకు తెచ్చిన స్థిరాస్తి చట్టం) 13వ సెక్షన్ ప్రకారం ఫ్లాట్ ధరలో పది శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ చేయాలి. మీ లెక్కలో పది శాతం అంటే 5 లక్షల 80 వేలు. ఆయన 46 లక్షలు తీసుకుని నోటరీ కాగితం ఇచ్చారు. నోటరీ ముద్ర సంతకాలకు సాక్ష్యమే తప్ప మీకు ఫ్లాట్ మీద హక్కు తెచ్చిపెట్టదు, రిజిస్టర్ కాలేదు కాబట్టి ఈసీలోనూ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) కనపడదు. అదే ఫ్లాట్‌ని ఇంకొకరికి రిజిస్టర్ చేసేస్తే మీరు డబ్బు కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. మీ బిల్డర్ అలాంటి మనిషని నేను అనను, కానీ జీవితకాలం సంపాదన మనిషి మంచితనం మీద పెట్టకూడదు.

ఓసీ లేకుండా దిగడం గురించి. జీవీఎంసీ (విశాఖ నగర కార్పొరేషన్) ఓసీ ఇచ్చేది ప్లాన్ ప్రకారం కట్టారా, ఫైర్, డ్రైనేజీ సరిగా ఉన్నాయా చూసిన తర్వాతే. అది రాలేదంటే కారణం ఫైలు కదలకపోవడం కావచ్చు, ప్లాన్‌కి మించి అంతస్తు వేసి ఉండొచ్చు, సెట్‌బ్యాక్ (బిల్డింగు చుట్టూ ఉండాల్సిన ఖాళీ స్థలం) వదలకపోయి ఉండొచ్చు. ఏ కారణమో లిఖితపూర్వకంగా అడగండి. ఓసీ వచ్చాకే బిల్డర్లు ఇళ్లు అప్పగించాలని, కరెంటు, నీళ్ల కనెక్షన్లు కూడా ఆ సర్టిఫికెట్ చూసే ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో గట్టిగా చెప్పింది. మీరు సామాన్లు దింపేశాక ఆయనకి ఓసీ తేవాలన్న తొందర ఉండదు, ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగేది మీ అపార్ట్‌మెంట్ అసోసియేషనే.

ఇంకో సంగతి, మన రాష్ట్రంలో ప్లాన్ ఇచ్చేటప్పుడు బిల్డర్ ప్లాన్ దాటకుండా ఉండటానికి కట్టే విస్తీర్ణంలో పది శాతం వరకు కార్పొరేషన్‌కి పూచీగా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే విడిపిస్తారు. మీ ఫ్లాట్ ఆ పది శాతంలో ఉందేమో ప్లాన్ కాపీ తెప్పించి చూడండి.

శ్రావణంలో ముహూర్తం వదులుకోలేకపోతే పాలు పొంగించుకోండి, పూజ చేసుకుని తాళాలు తిరిగి ఇచ్చేయండి, నేను కాదనను. కానీ పొజెషన్ లెటర్ మీద, 'అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి' అని రాసి ఉన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఇది పూజ వరకే, ఫ్లాట్ స్వాధీనం తీసుకున్నట్టు కాదు అని ముందు రోజే బిల్డర్‌కి మెయిల్ పెట్టండి.

భూమి సంగతి కూడా చూసుకున్నారా? విశాఖలో ఇది చాలా ముఖ్యం. మధురవాడ, కొమ్మాది, రుషికొండ వైపు ప్రభుత్వ భూములు, డి-పట్టా భూములు (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసినవి) ప్రైవేటు సర్వే నంబర్ల పక్కనే ఉంటాయి. సింహాచలం వైపు వెళితే అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం, ఈ పంచగ్రామాల దేవస్థానం భూముల గొడవ ఎంతమందిని ఎన్నేళ్లు ఏడిపించిందో మీకు తెలియనిది కాదు. మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో చూడండి, కనీసం 30 ఏళ్ల ఈసీ తీయించండి, ప్రాజెక్టు మీద బ్యాంకు లోన్ ఉంటే మీ ఫ్లాట్‌కి ఆ బ్యాంకు ఎన్‌ఓసీ అడగండి. ప్రాజెక్టుకి ఏపీ రెరా నంబరు ఉందా లేదా అన్నది మరీ ముఖ్యం. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

బిల్డర్ కదలకపోతే మీకు రెండు దారులు. రెరా 18వ సెక్షన్ కింద, ఒప్పుకున్న తేదీకి ఇల్లు ఇవ్వనందుకు డబ్బు వడ్డీతో వెనక్కి అడగొచ్చు, లేదా ఫ్లాటే కావాలంటే ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ అడగొచ్చు. అలా కాకపోతే మీరు కట్టింది 50 లక్షల లోపే కాబట్టి ఇక్కడే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు. అగ్రిమెంట్‌లో అప్పగించే తేదీ రాసి ఉందో లేదో ఇవాళే తీసి చూడండి.

ఇప్పుడు అబ్బాయి మాట. తండ్రి పేరున కొని మళ్లీ కొడుక్కి రాస్తే రెండుసార్లు ఖర్చన్నది నిజమే, మన రాష్ట్రంలో సేల్ డీడ్‌కి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం దాకా అవుతుంది. కానీ బతికుండగా రాసివ్వాల్సిన పనేముంది? వీలునామా రాయండి. దానికి స్టాంపు డ్యూటీ లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. మనసు మారితే ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఇది మీ స్వార్జితం, మీరు బతికుండగా కొడుకైనా కూతురైనా ఇందులో వాటా అడగలేరు. వీలునామా లేకుండా పోతే మాత్రం హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ భార్య, అబ్బాయి, అమ్మాయి, మీ అమ్మగారు ఉంటే ఆవిడ, అందరికీ సమానం. అందుకే అమ్మాయిని మర్చిపోకుండా మీ ఇష్టం ఏదో స్పష్టంగా రాసి పెట్టండి.

"రేపు వాడు చూడకపోతే రద్దు చేయించుకోవచ్చు కదా, తల్లిదండ్రుల చట్టం ఉంది కదా" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. 2007 చట్టంలో 23వ సెక్షన్ ఉన్న మాట నిజమే. అయితే అది సీనియర్ సిటిజన్లకి, అంటే 60 నిండినవాళ్లకి. మీకు 56. పైగా రాసిచ్చేటప్పుడు 'మమ్మల్ని చూసుకోవాలి' అన్న షరతు ఉండాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో ఈ చట్టాన్ని పెద్దవాళ్లకి మేలు జరిగేలా చదవాలంటూ ఒక తల్లికి ఇల్లు తిరిగి ఇప్పించింది, కానీ ఆవిడ ఇల్లు ముందు తన పేరున ఉంది, తను రాసిచ్చింది. మీరు మొదటి నుంచే అబ్బాయి పేరున కొనేస్తే మీరు రాసిచ్చిన కాగితమే ఉండదు, రద్దు చేయమని అడగడానికి! డబ్బు మాది అని కోర్టులో నిరూపించుకోవడమే మిగులుతుంది. మీ అబ్బాయి మంచివాడే అయ్యుంటాడు. అయినా అతనికి అప్పులొస్తే, సంసారంలో గొడవలొస్తే జప్తుకీ తగాదాకీ మొదట వచ్చేది అతని పేరున ఉన్న ఆస్తే, అందులో ఉన్నది మీరిద్దరు.

కంపెనీ కాగితం విషయంలో, స్కీమ్ చదివి సంతకం పెట్టండి. వీఆర్‌ఎస్ ఒప్పుకుని డబ్బు తీసుకున్నాక కంపెనీతో సంబంధం తెగిపోయినట్టే, తర్వాత వచ్చే వేతన సవరణ అడగలేరని 2003లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కానీ గ్రాట్యుటీ, పీఎఫ్ చట్టం ఇచ్చిన హక్కులు, ఎక్స్‌గ్రేషియాలో (వీఆర్‌ఎస్ పరిహారంలో) కలిపేశామంటే ఒప్పుకోనక్కర్లేదు. గ్రాట్యుటీ 30 రోజుల్లో రావాలి, దాటితే వడ్డీ. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్ పథకం) పెన్షన్ 58కి ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున జీవితాంతం తగ్గుతుంది, ఇల్లు గడుస్తుంటే ఆగండి.

పన్ను సంగతి క్లుప్తంగా. వీఆర్‌ఎస్ పరిహారంలో 5 లక్షల వరకే మినహాయింపు, అదీ జీవితంలో ఒక్కసారే, మిగతాది జీతంలాగే పన్ను పడుతుంది. మీరు అడగలేదు గానీ చెప్పాల్సింది ఇంకోటి ఉంది: ఫ్లాట్ ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ కోసి కట్టాల్సింది కొన్న మీరే. ఇచ్చిన 46 లక్షల్లో కోశారా? కోయకపోతే ఆలస్యానికి వడ్డీ, ఫీజు పెరుగుతూ ఉంటాయి, ఈ వారంలోనే మీ ఆడిటర్ దగ్గరకు వెళ్లండి.

క్వార్టర్స్ గడువు చూసి బిల్డర్ మాటకి లొంగకండి. ఎస్టేట్ విభాగానికి గడువు పెంచమని ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, గడువు దాటి అనుమతి లేకుండా ఉంటే పీనల్ రెంట్ పడుతుంది, మీకు రావాల్సిన డబ్బులోంచి కోసే వీలూ ఉంది. ఒప్పుకోకపోతే మధురవాడలోనే కొన్ని నెలలు అద్దెకి దిగండి. ఆ అద్దె ఎంతైనా 12 లక్షలు ఇరుక్కోవడం కంటే తక్కువే. అద్దె రసీదులు దాచండి, రెరాకి వెళ్లాల్సి వస్తే పనికొస్తాయి. ఈలోగా బిల్డర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి: అగ్రిమెంట్ వెంటనే రిజిస్టర్ చేయాలి, ఓసీ ఎందుకు ఆగిందో, ఎప్పటికి వస్తుందో తేదీతో చెప్పాలి, మిగతా మొత్తం సేల్ డీడ్ రోజున డీడీగా ఇస్తాం. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్లు, రసీదులు, ఆ నోటరీ కాగితం, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ పట్టుకుని దగ్గర్లో ఉన్న లాయర్ దగ్గరకు వెళ్లి రెరా ఫిర్యాదు తయారు చేయించండి.