అతిథి హీరో వచ్చినా కథ నర్సుదే

ప్రియమైన తమ్ముడికి,

నీ కామిక్ స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. రోగి నొప్పి తన ఒంట్లో తెలిసిపోయే నైట్ డ్యూటీ నర్సు, ఆ శక్తి వల్ల ఆమెకి నిద్ర కరువవడం నాకు చాలా నచ్చాయి. పన్నెండో పేజీ దాకా ఆ వార్డు విడిచి రాలేకపోయాను. పదమూడో పేజీలో నీ ఇంకో సిరీస్ హీరో గోడ బద్దలుకొట్టుకుని వచ్చాడు. వస్తూనే పంచ్ డైలాగులు. అక్కణ్ణుంచి నర్సు ఓ మూల నిలబడి చూస్తూ ఉండిపోయింది.

క్రాస్‌ఓవర్, అంటే ఒక సిరీస్ హీరో ఇంకో సిరీస్ కథలోకి రావడం, వద్దని నేను అనను. పేరున్న హీరోని తెస్తే పుస్తకం అమ్ముడవుతుందన్నది ఈ రంగంలో పాత సంగతే. 1963లో 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' మొదటి సంచిక కవర్ మీదే ఫెంటాస్టిక్ ఫోర్ అనే సూపర్‌హీరోల జట్టు ఉంది. లోపల మాత్రం పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) వాళ్ల దగ్గరికి వెళ్లేది ఉద్యోగం కోసం. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది. జీతాలు ఉండవని తెలియగానే వెనక్కి వచ్చేస్తాడు. అంత గొప్ప నలుగురిని రప్పించి కూడా రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు స్టీవ్ డిట్కో చెప్పింది డబ్బుల్లేని కుర్రాడి కథే.

అలన్ మూర్ రాసిన 'స్వాంప్ థింగ్' 24వ సంచిక (1984) ఎలాగైనా సంపాదించి చదువు. అమెరికాలోని లూసియానా చిత్తడి నేలల్లో నడిచే హారర్ కథ అది, స్వాంప్ థింగ్ అక్కడ బతికే మొక్కల ఒంటి జీవి. వుడ్‌రూ అనేవాడు మొక్కల ప్రపంచంతో ఏకమై, వాటిచేత విపరీతంగా ఆక్సిజన్ వదిలించి మనుషుల్నీ జంతువుల్నీ తుడిచిపెట్టబోతాడు. అలాంటి కథలోకి సూపర్‌మ్యాన్‌తో సహా జస్టిస్ లీగ్ అనే సూపర్‌హీరోల బృందం వస్తుంది. ఆ రంగురంగుల డ్రెస్సులు కనబడగానే భయం ఎగిరిపోవాలి నిజానికి. మూర్ వాళ్లని భూమికి ఎంతో ఎత్తున ఉన్న శాటిలైట్‌లో ఉంచాడు. కథనంలో పేర్లు చెప్పకుండా వర్ణించాడు: ఒకడు భూగోళం అవతలికి చూడగలడు, బొగ్గుని పిండి వజ్రం చేయగలడు. ఇంకొకడి వేగానికి చుట్టూ ఉన్న లోకమంతా శిలల్లా నిలిచిపోయి కనిపిస్తుంది. మనకి బాగా తెలిసిన హీరోలే, అలా చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. సూపర్‌మ్యాన్ వచ్చాడని హారర్ తగ్గలేదు, అతనే హారర్ కథలోని మనిషైపోయాడు. పైగా వాళ్లకి ఏం చేయాలో పాలుపోదు. మహానగరాలకి కాపలా కాశాం, లూసియానాలోని ఆ చిన్న ఊరిని ఎవరు చూశారని వాళ్లలోనే ఒకడు అడుగుతాడు. చివరికి వుడ్‌రూని ఓడించేది స్వాంప్ థింగ్ వేసిన ఓ ప్రశ్న: జీవాలన్నీ పోతే మొక్కలకి కార్బన్ డయాక్సైడ్ ఎవరిస్తారు? లీగ్ వాళ్లు ఆ తర్వాత వచ్చి నేరస్థుణ్ణి తీసుకెళ్తారు, అంతే.

టోన్ మారకూడదని కాదు. మారే ముందు నేల సిద్ధం చేయాలి. 1986లో ఫ్రాంక్ మిల్లర్, డేవిడ్ మజుకెల్లి చేసిన 'డేర్‌డెవిల్: బార్న్ అగైన్' డేర్‌డెవిల్‌గా తిరిగే ఒక లాయర్ బతుకు కూలిపోయే కథ. చివర్లో, తనూ సైన్యం ప్రయోగంలో తయారైన హీరో కెప్టెన్ అమెరికా వస్తాడు, థోర్, ఐరన్‌మ్యాన్ అనే హీరోలు కూడా కనిపిస్తారు. అయినా ఎబ్బెట్టుగా ఉండదు. ముఖం మీద జెండా వేసుకున్న న్యూక్ అనే సైనికుడు అప్పటికే డేర్‌డెవిల్ ఉండే హెల్స్ కిచెన్ అనే న్యూయార్క్ పేట మీద పడి వీధుల్ని యుద్ధభూమి చేసేశాడు. అలాంటి సైనికుణ్ణి తయారుచేసింది ఎవరో తేల్చుకోవడం కెప్టెన్ అమెరికాకి సొంత బాధ. అతనికి అక్కడ పని ఉంది కాబట్టే వచ్చాడు.

నీ హీరోకి ఆ ఆస్పత్రిలో ఏం పని? స్క్రిప్ట్‌లో నాకు దొరకలేదు. గోడ సంగతి వదిలెయ్. అతన్ని స్ట్రెచర్ మీద తీసుకొచ్చి చూడు. ఫుల్ పేజీ బొమ్మ ఇవ్వకు, మిగతా రోగుల ప్యానెల్ సైజే అతనికీ ఇవ్వు. డైలాగులు సగానికి పైగా తీసెయ్. అందరి నొప్పీ తెలిసే ఆమెకి అతని దగ్గర ఏమీ తెలియకపోతే? నొప్పే ఎరగని మనిషి పక్కన ఆమెకి ఎన్నాళ్లకో కళ్లు మూతపడితే, అదే సమయంలో ఏడో బెడ్ రోగి పరిస్థితి విషమిస్తే? అతను ఎంత బలవంతుడైనా ఆ రోగిని కాపాడలేడు. ఆమె లేవాలి.

ఇది నా ఊహే. నీకు ఇంతకంటే మంచిది తట్టవచ్చు. పదమూడో పేజీ నుంచి తిరగరాసి పంపు. మొదటి పన్నెండు పేజీల్లో ఒక్క ప్యానెల్ కూడా ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య