మిషన్ తెచ్చే ముందు ఒక్కసారి ఇది చదువు, చిట్టీ

చి.సౌ. చిట్టికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. సంక్రాంతికి పెదవాల్తేరు ఇంటికి రంగులు వేయిస్తున్నావట. దానికి ముందు నీళ్ళని జోరుగా చిమ్మే ప్రెషర్ మిషన్ అద్దెకు తెచ్చి బయటి గోడలన్నీ నువ్వే కడిగేస్తానన్నావట. తాతయ్య కట్టిన ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేయమని ఎంతమంది చెప్పినా నువ్వు వినలేదు. ఇప్పుడు దాన్ని నీ చేతులతో కడిగి నిలబెట్టుకుంటానంటున్నావు. నాకు చాలా గర్వంగా ఉందమ్మా. కానీ మిషన్ అన్న మాట వినగానే టెన్షన్ పట్టుకుంది, సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే 'సరే పెదనాన్నా' అనేసి నీ పని నువ్వు చేసుకుపోతావు. అందుకే రాస్తున్నాను.

నా ఉద్యోగమంతా విశాఖ షిప్‌యార్డు పెయింట్ సెక్షన్లోనే గడిచిందని నీకు తెలుసు. ఓడకి రంగు వేయడం కంటే ముందు దాని ఉక్కు ప్లేటు శుభ్రం చేయడమే మాకు పెద్ద పని. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు ప్లేటు మీద ఉండిపోతే, రంగు కింద నుంచి అది తేమను లాక్కుని బొబ్బలు లేపుతుంది. మంచినీళ్ళతో కడిగి, ఉప్పు పోయిందో లేదో చూసుకున్నాకే రంగు డబ్బా మూత తీసేవాళ్ళం. అయితే అది ఉక్కు, ఎంత జోరుగా కొట్టినా తట్టుకుంటుంది. నీది ఇటుక, సిమెంటు ఇల్లు, అందులోనూ పాతది. అద్దెకిచ్చే చిన్న మిషన్లు కూడా 100 బార్ (నీటి ఒత్తిడి కొలత) పైనే జోరు చూపిస్తాయి. ఆ జోరుకి సన్నటి బీటల్లోంచి నీళ్ళు గోడ లోపలికి దూరిపోతాయి.

అందుకని ముందు గోడల్ని చూడు. ఒక ఉదయం చుట్టూ తిరిగి అరచేత్తో గోడని గట్టిగా రుద్దు. చేతికి తెల్లటి పొడి అంటితే పాత రంగు చచ్చిపోయిందని అర్థం. దాన్ని మెత్తటి బ్రష్షుతో, సబ్బు నీళ్ళతో కడిగి తీసేయాలి. ఉత్తరం వైపు, బాత్రూం పైపుల పక్కన నల్లమచ్చలు కనిపిస్తాయి. వాటి మీద బ్లీచ్ కలిపిన నీళ్ళు ఒక చుక్క పెట్టి కాసేపు ఆగు. మచ్చ వెలిసిపోతే అది పాచి. అలాగే ఉండిపోతే దుమ్ము, పొగ. ఈ తేడా తెలియకుండా పని మొదలుపెట్టకు. పాచి ప్రాణమున్నది. మిషన్‌తో కొడితే పైపొర పోయి గోడ తెల్లగా కనిపిస్తుంది గానీ, లోపల మిగిలింది వానలు పడగానే మళ్ళీ లేస్తుంది. దాన్ని చంపేది బ్లీచే. దుమ్ముకైతే సబ్బు నీళ్ళు చాలు.

మేం షిప్‌యార్డు దగ్గర సింధియాలో ఉన్న రోజుల్లో పోర్టు వైపు నుంచి గాలి వీస్తే దండెం మీది బట్టలకి ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము పట్టేది. పెద్దమ్మ తెల్లచీరలు బయట ఆరేయడమే మానేసింది. ఆ ఎర్రమరక ఇనుముది, దానికి బ్లీచ్ పనిచేయదు సరికదా ఒక్కోసారి ఇంకా బిగుసుకుంటుంది. మీ కిటికీ గ్రిల్స్ కింద కారిన తుప్పు చారలు కూడా అలాంటివే, వాటి మీద బ్లీచ్ పోయకు. నీ ఇంటికి అసలు బాధ తూర్పు గోడ, సముద్రం వైపుది. అక్కడ కంటికి ఏమీ కనిపించదు, ఉన్నదంతా ఉప్పు. మామూలు గార్డెన్ పైపుతో పైనుంచి కిందకి నిదానంగా మంచినీళ్ళు పట్టు. మున్సిపల్ నీళ్ళే వాడు. తీరం దగ్గర బోర్లు చాలావాటికి ఉప్పు తగులుతుంది, ఆ నీళ్ళతో కడిగితే పని చేసినట్టే కాదు.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. గాలి తగ్గాక చూస్తే తూర్పు గోడ పచ్చగా ఉంది. చెట్ల ఆకులు ముక్కలు ముక్కలై ఉప్పునీటితో పాటు గోడకి అంటుకుపోయాయి. కరెంటు వచ్చి, ఊరు కాస్త కుదుటపడ్డాక, కార్తీకమాసంలో మీ నాన్న ఇల్లు బాగుచేయిద్దామని కార్లు కడిగే మిషన్ ఉన్న మనిషిని పిలిచాడు. పాపం మీ నాన్న తొందరకి కారణం ఉంది. నాయనమ్మ రోజూ ఆ గోడ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నేను డ్యూటీలో ఉన్నాను, నాకు ఎవరూ చెప్పలేదు. సాయంత్రం వచ్చేసరికి పని అయిపోయింది.

ఆ మనిషి నాజిల్ గోడకి జానెడు దూరంలో పెట్టి కొట్టాడట. సన్‌షేడ్ అడుగున పెచ్చులు ఊడి తుప్పు పట్టిన కమ్మీ బయటపడింది. కిటికీ చెక్క సందుల్లోంచి నీళ్ళు లోపలికి వచ్చేశాయి. నాయనమ్మ గదిలో స్విచ్‌బోర్డు ఆ గోడకే ఉండేది. చీకటి పడ్డాక లైటు వేయబోయి చెయ్యి పెట్టిందో లేదో, కరెంటు కొట్టి వెనక్కి పడింది. మంచం అడ్డుంది కాబట్టి తల నేలకి తగల్లేదు. నేను పరుగెత్తి మెయిన్ ఆపాను. ఆవిడ చెయ్యి రాత్రంతా వణుకుతూనే ఉంది. 'నాకేం కాలేదు, చిన్నవాణ్ణి ఏమీ అనకండిరా' అంటూనే ఉంది. ఆ చెయ్యి పట్టుకుని మీ నాన్న తెల్లవార్లూ కూర్చున్నాడు.

అంతటితో అయిపోలేదు. పైన ఎండినట్టు కనిపించిందని వారం తిరక్కుండా రంగు వేయించారు. సంక్రాంతికి ఆ గోడంతా బొబ్బలు. ఒకటి మేకుతో పొడిచి చూశాను, నీటిబొట్టు వేలి మీదకి జారింది. నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది. మిషన్ ఆకుల్ని ఊడగొట్టింది, ఉప్పుని మాత్రం నీళ్ళతో పాటు బీటల్లోకి తోసింది, పైన రంగు వేసి మూత పెట్టేశారు. గోడ గీకించి, ప్లాస్టరింగ్ తీయించి మళ్ళీ చేయించాల్సి వచ్చింది. ఇదంతా మీ నాన్నని తప్పుపట్టడానికి రాయడం లేదు. వాడు ఈ మాట నీకు తనంతట తాను చెప్పలేడు, నాకు తెలుసు.

కాబట్టి, నా బంగారు తల్లీ, కరెంటు విషయంలో నా మాట దాటకు. కడిగే రోజు ఇంటి మెయిన్ ఆపేయి. బయటి లైట్లు, కాలింగ్ బెల్, మోటార్ స్విచ్, ఏసీ బయటి యూనిట్ అన్నిటినీ పాలిథిన్‌తో కప్పి టేపు వెయ్యి. మిషన్ వాడాల్సి వస్తే మెయిన్ వేసినా మిగతా లైన్లన్నీ ఆపి దాని లైను ఒక్కటే ఉంచుకో, అదీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉన్నదైతేనే. టెస్ట్ బటన్ నొక్కితే అది పడిపోతోందో లేదో ముందే చూసుకో. ఎక్స్‌టెన్షన్ బాక్సు తడి నేల మీద పెట్టకు. మీ వీధిలో స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ ఇంకా పైనే ఉంటే, అటువైపు అల్యూమినియం నిచ్చెన తీసుకెళ్ళనే వద్దు.

మిషన్ అసలే వద్దని కాదు. కాంపౌండ్ లోపలి సిమెంటు నేలకి, కారు పెట్టే చోటికి, గట్టిగా ఉన్న ప్రహరీకి వాడుకో. నీళ్ళు విసనకర్రలా విచ్చుకునే 40 డిగ్రీల వెడల్పు నాజిల్ పెట్టుకుని రెండడుగుల దూరం నుంచి మొదలుపెట్టు, ముందు ఒక మూల చేసి చూడు. ఒకే గీతలా వచ్చే సున్నా డిగ్రీల నాజిల్ పెట్టెలోంచి తీయకు. ఆ ధార చర్మంలోకి దూరితే పైకి సూదిపోటంత గుర్తే కనిపిస్తుంది, లోపల కండ పాడైపోతుంది. అలాంటిది జరిగితే కట్టు కట్టుకుని కూర్చోకూడదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. బాబుని ఆ రోజు అమ్మమ్మగారింట్లో వదిలెయ్యి.

పెంకుల వసారా జోలికి మిషన్‌తో వెళ్ళకు, కొబ్బరి చీపురూ నీళ్ళూ చాలు. కిటికీ చెక్కలకి తడిగుడ్డ. అల్యూమినియం తలుపులకి సబ్బు నీళ్ళు, బ్లీచ్ తగలనివ్వకు. గ్రిల్స్ మీది పాత ఆయిల్ పెయింట్ పొడిగా గీకించకు. ఇంట్లో వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మీ గ్రిల్స్ రంగు అంతకంటే చాలా పాతది. తడిపి గీకి, ఆ చెత్తంతా ఏరి కవర్లో కట్టెయ్యి.

పాచికి షాపులో దొరికే బ్లీచ్ ద్రవం ఒక వంతుకి మూడు వంతుల నీళ్ళు కలుపు. కింది నుంచి పైకి పూసుకుంటూ వెళ్ళు, పైనుంచి పూస్తే చారలు పడతాయి. పది పదిహేను నిమిషాలు ఉంచి, ఆరిపోకముందే పైనుంచి కిందకి కడిగెయ్యి. గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకో. నాయనమ్మ నాటిన కరివేపాకు చెట్టుని ముందూ తర్వాతా మంచినీళ్ళతో బాగా తడుపు.

యాసిడ్ మాత్రం గుమ్మం దాటి రానివ్వకు. పనివాళ్ళు మరకలు పోతాయని తెస్తారు. అది సిమెంటునీ, మెట్ల మీది కడప బండల్నీ తినేస్తుంది. బ్లీచ్ ఉన్న చోట పడితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైంది స్టైరీన్, అది వేరే గ్యాస్. కానీ ఆ రోజు రోడ్ల మీద పడిపోయిన మనుషుల్ని టీవీలో చూసినప్పటి నుంచి గ్యాస్ అంటేనే నా గుండె దడదడలాడుతుంది. ఒకవేళ ఎవరైనా యాసిడ్ తెచ్చినా, దాన్నీ బ్లీచ్ డబ్బానీ ఒకే గదిలో పెట్టకు.

ఇంకో మాట. డిసెంబరు దాకా మనకి తుఫాన్ల భయం ఉంటుంది. పండక్కి రంగులుండాలన్న పట్టుదల వదిలెయ్. పండగ దాటాక కడుగు, ఫిబ్రవరిలో రంగు వేయించు. కడిగాక బీటలు పూడ్పించి, మంచి ఎండలో గోడని బాగా ఆరనివ్వు. ఆరిందో లేదో చూడాలంటే జానెడు పాలిథిన్ ముక్క నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి మర్నాటిదాకా వదిలెయ్. దాని లోపల చెమ్మ పడితే ఇంకా ఆగాలి.

ముందు మీ మెయిన్ బాక్సు, తూర్పు గోడ, సన్‌షేడ్ల అడుగుభాగం ఫొటోలు పంపు. అవి చూసి నేను చెప్పేదాకా మిషన్ బుక్ చేయకు. కడిగే రోజు నేనూ వస్తాను, నిచ్చెన నేను పట్టుకుంటాను. ఈ ఉత్తరం మీ నాన్నకి కూడా చూపించు.

ఇట్లు,
మీ పెదనాన్న