టెక్సాస్ ప్రీ-కే: జీతం ఎక్కువైతే సీటు రాదా?

మీ ప్రశ్న ఇదీ: డాలస్ పక్కన ఉంటున్నారు, మీవారిది హెచ్-1బీ, జీతం బాగానే వస్తోంది, పాపకి ఆగస్టు చివర్లో నాలుగు నిండుతాయి. పబ్లిక్ స్కూల్లో ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి) ఫ్రీ అని ఒకరు, అది తక్కువ ఆదాయం వాళ్లకే అని ఇంకొకరు చెప్తున్నారు, ఎవరిది నిజం అని. ఇద్దరూ సగం సగమే చెప్పారు.

టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్ లాగా ప్రీ-కే అందరికీ హక్కు కాదు. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండి, చట్టంలో ఉన్న కారణాల్లో ఏదో ఒకటి వర్తించాలి. బడిలో పెట్టే ఉచిత లేదా రాయితీ లంచ్‌కి సరిపోయేంత తక్కువ ఆదాయం ఒక కారణం. ఇల్లు లేకపోవడం, ఫోస్టర్ కేర్‌లో (ప్రభుత్వం అప్పగించిన వేరే కుటుంబం దగ్గర) ఉండటం, తల్లో తండ్రో సైన్యంలో ఉండటం, ఇలాంటివి మరికొన్ని. వాటి మధ్యలో మనవాళ్లు చదవకుండా దాటేసేది ఒకటుంది: పిల్లకి ఇంగ్లిష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాకపోవడం. దీనికి జీతంతో సంబంధం లేదు.

మేమూ మొదట తెల్లమొహం వేసుకుని తిరిగొచ్చినవాళ్లమే. మా పాప మూడేళ్లు నిండేదాకా తెనాలిలో మా అమ్మ దగ్గర పెరిగింది. ఇక్కడికొచ్చాక రిజిస్ట్రేషన్‌కి వెళ్తే, కౌంటర్లో ఉన్నావిడ పే స్లిప్ చూసి "సారీ" అంది. డేకేర్ ఫీజు తలుచుకుంటూ ఇంటికొచ్చేశాం. మా అపార్ట్‌మెంట్లో ఉండే నెల్లూరు అక్క విని, "భాష సంగతి అడిగావా? పిల్లకి ఇంగ్లిష్ రాదని చెప్పావా?" అంది. అడగలేదు. అలా ఒకటుందని తెలిస్తే కదా! వారం తర్వాత మళ్లీ వెళ్లి అదే మాట అడిగితే, ఈసారి ఇంట్లో మాట్లాడే భాష గురించిన ఫారం చేతికిచ్చారు.

ఆ ఫారం దగ్గరే మనవాళ్లు తప్పటడుగు వేస్తారు. తెలుగు అని రాస్తే పిల్లని వెనకబెంచీలో పడేస్తారని భయం. ఇంగ్లిష్ అని రాసేస్తారు. ఇంగ్లిష్ అని రాస్తే పిల్లకి ఇంగ్లిష్ వచ్చో రాదో చూసే టెస్టే పెట్టరు, ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది. టెస్టు అయ్యాక మార్చుకుంటామన్నా కుదరదు. ఇంట్లో నిజంగా ఏది మాట్లాడితే అది రాయండి. అలాగని ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడే పిల్లకి "అక్కడ నోరు తెరవకు" అని నేర్పి తీసుకెళ్లే వాళ్లనీ చూశాను. అది నాకు నచ్చదు, నాలుగేళ్ల పిల్లలు అలాంటి రహస్యాలు దాచలేరు కూడా.

టెస్టు రాతది కాదు, నోటితో చెప్పేదే. మాది పావుగంటలో అయిపోయింది. లోపలికెళ్లే ముందు కిటికీలోంచి చెట్టు చూపించి ఆ టీచర్ ఏదో అడిగితే, మా పాప "ఉడత!" అని అరిచింది. ఆవిడ నావైపు చూసింది, నేను నవ్వేసి ఊరుకున్నాను. సీటొచ్చింది.

అలా వచ్చిన పిల్లలకి ఈఎస్‌ఎల్ (ఇంగ్లిష్ ఇంటి భాష కాని పిల్లలకి ఇంగ్లిష్ నేర్పడం) సాయం ఇస్తామంటారు, దానికి మన సంతకం కావాలి. క్లాసు వేరేగా ఏమీ లేదు, అందరితో కలిసే కూర్చుంది. ప్రీ-కే, కిండర్‌గార్టెన్‌లలో 'ఇంకా ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్ల' అన్న గుర్తింపు తీసేయరు, ఇంగ్లిష్ ఎంత వచ్చినా సరే. దానికి కంగారు పడకండి.

ఇక రోజువారీ. 2019లో హౌస్ బిల్ 3 అనే టెక్సాస్ చట్టం వచ్చాక అర్హత ఉన్న నాలుగేళ్ల పిల్లలకి ఫుల్ డే ఇవ్వాలి. మూడేళ్ల వాళ్లని తీసుకోవడం మాత్రం స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతంలో బడులు నడిపే సంస్థ) ఇష్టం. ప్రీ-కేకి బస్సు పెట్టాలన్న నిబంధన లేదు. ప్రతి స్కూల్లోనూ ప్రీ-కే ఉండదు కాబట్టి మీ ఇంటి పక్క బడి కాకుండా ఇంకోటి రావచ్చు. మధ్యాహ్నం మూడింటికల్లా ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడాలి, ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే అసలు తలనొప్పి ఇదే. ఇంకోటి, చేర్చడం తప్పనిసరి కాదుగానీ చేర్చాక హాజరు తప్పనిసరి. సంక్రాంతికని నెలరోజులు ఇండియా టికెట్లు కొనేముందు ఆలోచించుకోండి.

మొదటి వారంలో ఒకటి జరిగింది. మా పాప టీచర్ దగ్గరికెళ్లి "ఒకటి, ఒకటి" అందట. ఆవిడ ఫోన్‌లో పెట్టి చూస్తే "వన్" అని వచ్చింది. అంకెలు చెప్తోందనుకుని చప్పట్లు కొట్టి మెచ్చుకుంది. ఇది నిలబడ్డ చోటే పోసేసింది! ఆ రాత్రి ఒకటి, రెండు, నీళ్లు, ఆకలి, నొప్పి, చాలు అని ఆరు మాటలు, వాటి అసలు అర్థాలు కాగితం మీద రాసి మర్నాడు ఇచ్చాను. ఆవిడ దాన్ని తలుపుకి అంటించుకుంది. సంక్రాంతి నాటికి దాని అవసరం తీరిపోయింది. ఇప్పుడేమో ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబు చెప్తోంది, అది వేరే బాధ.

వీసా గురించి కూడా అడిగారు. పిల్ల చదువుకి ఇమిగ్రేషన్ స్టేటస్ అడ్డు రాదు. 1982లో సుప్రీంకోర్టు ప్లైలర్ వర్సెస్ డో కేసులో తేల్చింది, ఆ కేసు పుట్టింది కూడా డాలస్‌కి తూర్పున ఉన్న టైలర్ ఊళ్లోనే. మేము పాస్‌పోర్టు, లీజు కాగితం, కరెంటు బిల్లు, మా డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చాం.

మమ్మల్ని పరిగెత్తించింది టీకాల కార్డు. తెనాలిలో గవర్నమెంటు ఆస్పత్రిలో వేయించినవి కదా, అందులో ఎమ్మార్ (తట్టు, రుబెల్లా టీకా) ఉంది, ఇక్కడ అడిగేది గవదబిళ్లలది కూడా కలిసిన ఎమ్ఎమ్మార్. చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఏ అసలు లేవు. మొదటి డోసులు పడి, మిగతావి టైముకి వేయిస్తుంటే తాత్కాలికంగా చేర్చుకుంటారుగానీ, ఆ మొదటి డోసులకే అపాయింట్‌మెంట్ దొరకడానికి మాకు మూడు వారాలు పట్టింది. మీ పాప టీకాలు ఇండియాలోనే వేయించి ఉంటే కార్డు ఇప్పుడే బయటికి తీసి పిల్లల డాక్టర్‌కి చూపించండి. రిజిస్ట్రేషన్ మాకు వసంతంలో తెరిచారు, మీ డిస్ట్రిక్ట్ తేదీ కనుక్కుని మొదటి రోజే వెళ్లండి. ఒకవేళ పాపకి ఇంగ్లిష్ బాగా వచ్చేసి అర్హత రాకపోతే, డబ్బు కట్టి చేర్చుకునే సీట్లున్నాయా అని కూడా అక్కడే అడగండి, కొన్ని డిస్ట్రిక్ట్‌లలో ఉంటాయి.