2డి బొమ్మకు 3×3 మాట్రిక్స్ ఎందుకు?

“బిందువుకు ఉన్నవి x, y రెండే కదా, మాట్రిక్స్ (అంకెల పట్టిక) 3×3 ఎందుకు? ట్రాన్స్‌లేషన్ (జరపడం), రొటేషన్ (తిప్పడం), స్కేలింగ్ (సైజు మార్చడం) సూత్రాలు బట్టీ పడితే సరిపోదా?” అని అడిగారు. పరీక్షకు సరిపోతుంది. స్క్రీన్ మీద బొమ్మ మాత్రం మీ మాట వినదు.

మా అక్క కొడుకు బీటెక్. ల్యాబ్‌లో తిరిగే ఫ్యాన్ ప్రోగ్రామ్ రాయమన్నారట. ఇప్పటికీ వాళ్ల కాలేజీలో ప్రోగ్రామ్‌లు రాసేది పాతకాలపు ‘టర్బో సీ’ సాఫ్ట్‌వేర్‌లోనే, అదే నీలం తెర! ఆ సంగతి మొదలుపెడితే ఈ సమాధానం పూర్తవదు. రాత్రి భోజనాల వేళ ఫోన్ చేసి “మామయ్యా, ఫ్యాన్ రెక్క మాయమైపోతోంది” అన్నాడు. కోడ్ పంపమన్నాను. సైన్, కాస్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫ్యాన్ నడిబొడ్డు (300, 200) దగ్గర ఉంది. రొటేషన్ సూత్రం తిప్పేది ఆ నడిబొడ్డు చుట్టూ కాదు, (0, 0) చుట్టూ. అంటే స్క్రీన్ ఎడమ పై మూల చుట్టూ. 90 డిగ్రీలు తిప్పితే (300, 200) వెళ్లి (-200, 300) దగ్గర పడుతుంది. ఎడమ అంచు దాటి బయటికి! ఇక కనబడమంటే ఎలా కనబడుతుంది?

“ముందు నడిబొడ్డును మూలకు లాక్కురా, అక్కడ తిప్పు, మళ్లీ దాని చోటికి పంపు” అన్నాను. మూడు పనులు, అదే వరుసలో. ముందు తిప్పి తర్వాత జరిపితే వేరే బొమ్మ వస్తుంది.

మీ 3×3 అవసరం ఇక్కడే. 2×2 మాట్రిక్స్‌తో (0, 0)ను ఎంత గుణించినా (0, 0)నే వస్తుంది, అది కదలదు. జరపడానికి కూడిక కావాలి. బిందువు చివర ఒక 1 తగిలిస్తే (x, y, 1 అని మూడు అంకెలు, అందుకే 3×3) ఆ కూడిక కూడా గుణకారంలోనే ఇమిడిపోతుంది. అప్పుడు మూడు పనులనూ ముందే గుణించి ఒకే మాట్రిక్స్ చేసుకుని, వేల బిందువులకు అదే వాడుకోవచ్చు. ఇలా అదనంగా ఒక అంకె తగిలించిన నిరూపకాలను జర్మన్ గణితవేత్త మోబియస్ 1827లోనే ఇచ్చాడు, అప్పటికి కంప్యూటర్ లేదు, స్క్రీనూ లేదు.

ఇంకో తలనొప్పి, కొన్ని పుస్తకాలు బిందువును నిలువుగా రాస్తాయి, కొన్ని అడ్డంగా. నిలువుగా రాస్తే మాట్రిక్స్‌లను కుడి నుంచి ఎడమకు చదవాలి. రెండు పుస్తకాలు కలిపి చదివే పిల్లలు సగంమంది ఇక్కడే బోల్తా పడతారు. ఈ ముక్క మొదటి పేజీలో పెద్దక్షరాల్లో వేస్తే ఏం పోయింది?

మావాడి ఫ్యాన్ తిరిగింది కానీ, కాసేపటికి రెక్కలు చిక్కిపోవడం మొదలైంది. ప్రతి ఫ్రేమ్‌లోనూ నడిబొడ్డు నుంచి కొలిచిన విలువల్లో దశాంశాలు కోసేసి, ఆ కోసినవాటినే మళ్లీ తిప్పుతున్నాడు. అసలు బిందువులను ముట్టుకోకుండా పక్కన పెట్టి, కోణం ఒక్కటే పెంచుతూ ప్రతిసారీ వాటినుంచే లెక్క కట్టమన్నాను. కుదిరింది.

వైవాలో ఎక్స్‌టర్నల్ గారు ఫ్యాన్ వైపు చూడనే లేదట. “షియరింగ్ (బొమ్మను పక్కకు వాల్చడం) డెఫినిషన్ చెప్పు” అన్నారట.