ఫ్యాన్లే గీసే బాబు గురించి

అక్కా, ఆటిజం ఉన్న మీ తొమ్మిదేళ్ల బాబు ఏడాదిగా సీలింగ్ ఫ్యాన్లే గీస్తున్నాడని, డ్రాయింగ్ మాస్టారు "వీడికి సొంత ఊహ లేదు" అన్నారని రాశారు. ఆ మాట మనసులో పెట్టుకోకండి.

మాస్టారు చూసింది ఎన్ని రకాలు గీశాడని మాత్రమే. 2015లో బ్రిటన్ పరిశోధకులు కొందరిని ఇటుకతో గానీ పేపర్ క్లిప్‌తో గానీ ఇంకేం చేయొచ్చో చెప్పమన్నారు. ఆటిజం లక్షణాలు ఎక్కువున్నవాళ్లు తక్కువ జవాబులే చెప్పారు. కానీ అవి ఇతరులకు తట్టనివి! కాగితం విమానం ముక్కుకి క్లిప్‌ని బరువుగా పెట్టడం లాంటివన్నమాట. చాలామందికి ముందు తేలిక జవాబులొస్తాయి, అవి అయిపోయాకే కొత్తవి తడతాయి. వీళ్లు ఆ తేలికవి దాటేసి నేరుగా కష్టమైనవాటికే వెళ్తారేమోనని పరిశోధకుల ఊహ. ఆ పరీక్ష రాసింది పెద్దవాళ్లు, పిల్లలు కాదు. అయినా మన పిల్లల్ని చూసే కన్ను మారుతుంది.

మా అమ్మాయి రెండేళ్లు ఆర్టీసీ బస్సులే గీసింది. ఒకరోజు అన్నీ నేలమీద పరిచి చూశాను: ఒక్కో బస్సుకి ఒక్కో ఊరి బోర్డు, కిటికీల్లో వేరే వేరే మనుషులు. ఏడుపొచ్చేసింది నాకు.

ఫ్యాన్లు మాన్పించకండి. "ఇది ఎవరింట్లోది? కరెంటు పోయేటప్పుడు ఎలా ఉంటుంది?" అని అడగండి. మాటల్లో చెప్పకపోతే పెన్సిల్ ఇచ్చి ఊరుకోండి. బొమ్మల మీద తేదీలు వేసి, నెలకోసారి వరసగా పెట్టి, ఏం మారిందో మీరే చూసి మాస్టారికీ చూపించండి.