టెక్ సందేహాలు: లేని లాట్ నంబరు ఉందంటున్న పైథాన్

ప్రశ్న: మా జిన్నింగ్ మిల్లుకు వచ్చే పత్తి లాట్ల వివరాలు సీఎస్‌వీ ఫైల్‌లో (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) ఉంటాయి. నంబర్లు రెండు లక్షల దాకా ఉన్నాయి. వెతకడం ఆలస్యమవుతోందని పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో బైసెక్ట్ (వరసలో ఉన్న లిస్టును సగం సగం చేస్తూ వెతికే ఫంక్షన్) వాడాను. ఇప్పుడు లేని నంబరు ఉందంటోంది, ఉన్నది లేదంటోంది. ఒక్కోసారి ‘ఇండెక్స్ ఎర్రర్’ చూపించి ఆగిపోతోంది. లోపం ఎక్కడుంది?
– మిల్లు ఉద్యోగి, ఆదోని

జవాబు: టెన్షన్ పడకండి. మీరు ఒకటి అడుగుతున్నారు, బైసెక్ట్ ఇంకొకటి చెబుతోంది. ‘ఈ నంబరు ఉందా?’ అన్నది మీ ప్రశ్న. ‘వరస చెడకుండా దీన్ని ఎక్కడ పెట్టాలి?’ అన్నదానికే అది జవాబిస్తుంది. ఉదాహరణకు లిస్టులో 4100, 4215, 4388, 4502 ఉన్నాయనుకోండి. 4300 కోసం వెతికితే 2 వస్తుంది. పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి అక్కడున్నది 4388. మీ ప్రోగ్రామ్ ఆ 2 చూసి ‘దొరికింది’ అనేస్తోంది. 4600 అడిగితే 4 వస్తుంది, అంటే లిస్టు చివర దాటాక. అక్కడ ఏమీ లేదు గనక ఇండెక్స్ ఎర్రర్. బైసెక్ట్ లెఫ్ట్ (దొరికిన విలువ స్థానాన్నే ఇచ్చే రకం) వాడి 4100 అడిగితే సున్నా వస్తుంది. ‘ఇఫ్’ షరతులో నేరుగా ఆ స్థానాన్నే పెట్టి ఉంటే సున్నాను పైథాన్ ‘కాదు’ అనుకుంటుంది, మొదటి లాట్ ఎప్పటికీ దొరకదు.

కాబట్టి స్థానం వచ్చాక రెండు తనిఖీలు తప్పనిసరి: అది లిస్టు పొడవు కంటే తక్కువగా ఉందా, అక్కడున్న విలువ మనం వెతికేదేనా. ఇందుకు బైసెక్ట్ లెఫ్ట్ వాడాలి. ఉత్త బైసెక్ట్ అని రాస్తే అది బైసెక్ట్ రైట్ కిందే లెక్క. దొరికిన విలువ మీద ఆగదు, దాన్ని దాటి తర్వాతి స్థానం ఇస్తుంది. ఉన్న నంబరు లేదనడానికి ఇదొక కారణం.

రెండో కారణం మీ సీఎస్‌వీ ఫైలే. దాన్నుంచి చదివిన ప్రతిదీ అక్షరాల రూపంలో వస్తుంది. అక్షరాలుగా పోల్చితే ‘1000’ ముందు, ‘999’ తర్వాత. ఫైల్‌లో మాత్రం 998, 999, 1000, 1001 అని అంకెల వరసలో ఉంటుంది. అందులో ‘999’ని వెతికితే బైసెక్ట్ నేరుగా చివరికి పోయి 4 అంటుంది. లిస్టు వరసలో ఉందో లేదో అది చూడదు, ఎర్రరూ ఇవ్వదు. ఇదే అసలు ప్రమాదం. ఫైల్ చదివేటప్పుడే నంబర్లను ‘ఇంట్’గా (పూర్ణాంకంగా) మార్చి, ఒకసారి సార్ట్ చేసి పెట్టుకోండి. అప్పుడు రెండు లక్షల్లో ఏ నంబరైనా 18 పోలికల్లోపే తేలిపోతుంది.

అయితే ఒక మాట. మీకు కావలసింది ఉందా లేదా అన్నదొక్కటే అయితే బైసెక్ట్ ఎందుకు? నంబర్లను ‘సెట్’ అనే పైథాన్ సంచిలో వేసుకుంటే సరి, సార్ట్ చేసే పనే ఉండదు. బైసెక్ట్ సత్తా ‘ఎక్కడ’ అన్న ప్రశ్నలో ఉంది. పత్తి తేమను బట్టి ధర తగ్గించేటప్పుడు 8, 10, 12 శాతాలు హద్దులనుకోండి. తేమ 9 అయితే ఏ శ్లాబులో పడుతుందో ఒక్క పిలుపుతో తెలుస్తుంది. సరిగ్గా 10 ఉన్నప్పుడే తంటా. ‘10 వరకు’ కింది శ్లాబే అనేది మీ పద్ధతైతే లెఫ్ట్ వాడాలి, ‘10 నుంచి’ పై శ్లాబు అయితే రైట్. ఇది తారుమారైతే రైతుకో మిల్లుకో డబ్బు పోతుంది. అందుకని ముందు యజమానిని అడిగి, తర్వాత కోడ్ రాయండి.

ప్రశ్న: మండలాల పేర్లను తెలుగులో, వర్ణమాల వరసలో చేత్తో అమర్చాను. బైనరీ సెర్చ్ (సగం సగం చేస్తూ వెతికే పద్ధతి) కొన్ని పేర్లను పట్టుకోలేకపోతోంది. ఫాంట్ సమస్యా?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఫాంట్‌కు సంబంధం లేదమ్మా. మనం బడిలో య, ర, ల, వ చదివి, ‘ళ’, ‘ఱ’లను చివర్లో చదువుకున్నాం. కంప్యూటర్‌లో అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో మాత్రం ‘ర’ పక్కనే ‘ఱ’, ‘ల’ పక్కనే ‘ళ’, వాటి తర్వాతే ‘వ’. అంటే మీ వరసలో ‘కవి’ తర్వాత ‘కళ’, పైథాన్ లెక్కలో ‘కళ’ తర్వాత ‘కవి’. వెతకడానికి పైథాన్ సార్ట్ చేసిన ఇంకో కాపీ ఉంచుకుని, మీ వరసను తెరమీద చూపడానికి వాడుకోండి. ఇంకోటి, మీ జిల్లాలోని కళ్యాణదుర్గాన్ని కొందరు కల్యాణదుర్గం అనీ రాస్తారు. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు ఊళ్లు. ముందే ఒక స్పెల్లింగ్ ఖాయం చేసుకోండి.

ప్రశ్న: వెబ్‌సైట్లకు వాడే పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ భాషల్లో బైసెక్ట్ లాంటి ఫంక్షన్ ఏది? సొంతంగా రాస్తే లూప్ ఆగడం లేదు.
– వెబ్‌సైట్లు చేసే యువకుడు, కడప

జవాబు: రెండింటిలోనూ సిద్ధంగా లేదు. పీహెచ్‌పీలోని ఇన్ అర్రే, జావాస్క్రిప్ట్‌లోని ఇండెక్స్ ఆఫ్ మొదటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతాయి. రూబీ అనే భాషలో అయితే 2.0 వెర్షన్ నుంచే బీసెర్చ్ ఉంది. మీ లూప్ ఆగకపోవడానికి కారణం, బహుశా వెతికే భాగం కింది హద్దును మధ్య స్థానానికే జరుపుతున్నారు. రెండే విలువలు మిగిలినప్పుడు మధ్య స్థానం, కింది హద్దు ఒకటే అవుతాయి, ఏదీ కదలదు. మధ్య స్థానానికి ఒకటి కలిపి జరపండి. భాగహారంలో దశాంశం రాకుండా జావాస్క్రిప్ట్‌లో మ్యాథ్ ఫ్లోర్, పీహెచ్‌పీలో ఇంట్‌డివ్ వాడండి. జావాస్క్రిప్ట్ సార్ట్ కూడా అంకెలను అక్షరాలుగానే పోలుస్తుంది, పోల్చే ఫంక్షన్ మీరే ఇవ్వాలి. ఇక మీ డేటా ఎలాగూ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోనే ఉంటే ఇదంతా వద్దు. ఆ కాలమ్‌కు ఇండెక్స్ (సూచిక) పెట్టి, వెతికే పని డేటాబేస్‌కే వదిలేయండి.