తొమ్మిది వేల కాలిక్యులేటర్ కొనాలా, వద్దా?

విశాఖలోని గాజువాక నుంచి ఒక తండ్రి రాశారు: "మా గుంటడు సివిల్ ఇంజినీరింగ్ రెండో ఏడు. ప్రోగ్రాములు రాసుకునే కాలిక్యులేటర్ కావాలని నెల్లాళ్లుగా ప్రాణం తీస్తున్నాడు. జగదాంబ దగ్గర షాపులో తొమ్మిది వేలన్నారు. మామూలు దానికీ దీనికీ తేడా ఏటి? లెక్కలన్నీ మిషనే చేసేస్తే వీడి బుర్ర మొద్దుబారిపోదా? ఆ డబ్బుకి ఇంకొంత కలిపి ద్వారకానగర్‌లో ఏఐ కోర్సులో చేర్పిస్తే కంప్యూటర్ వైపు మళ్లుతాడేమోనని నా ఆశ."

అయ్యా, మీరు అడిగింది కాలిక్యులేటర్ సంగతే అయినా, మీ బెంగంతా ఆఖరి వాక్యంలో ఉంది. అక్కడికే వస్తాను, ముందు ఈ తొమ్మిది వేల లెక్క తేల్చేద్దాం.

కాసియో ఎఫ్ఎక్స్-991 రకం మామూలు సైంటిఫిక్‌లో ప్రోగ్రాము రాసి దాచుకోవడం కుదరదు. ఎఫ్ఎక్స్-5800పి లాంటి ప్రోగ్రామబుల్ అయితే లెక్క చేసే వరస ఒకసారి రాసి దాచుకోవచ్చు, తర్వాత అంకెలు ఇస్తే చాలు. మీ వాడికి ఇది ఎందుకు కావాలో ఊహించగలను. సర్వేయింగ్‌లో ట్రావర్స్ లెక్క, అంటే నేల మీద ఒకదాని చివర ఇంకోటి కలుపుకుంటూ పోయే లైన్ల లెక్క, వచ్చి ఉంటుంది. ఒక్కో లైనుకి పొడవు, బేరింగ్ (ఉత్తరం నుంచి ఎంత కోణంలో ఉందో) ఇస్తారు. పొడవుని ఆ కోణం కాస్‌తో గుణిస్తే లాటిట్యూడ్ (ఉత్తర దక్షిణాలుగా ఎంత పోయిందో), సైన్‌తో గుణిస్తే డిపార్చర్ (తూర్పు పడమరలుగా ఎంత పోయిందో). పది లైన్లకి ఇరవై గుణకారాలు, అవయ్యాక చివరి లైను చేరాల్సిన చోటికి సరిగ్గా చేరక మిగిలిన తేడాని, అంటే క్లోజింగ్ ఎర్రర్‌ని, మళ్లీ అన్ని లైన్లకీ పంచాలి. విసుగెత్తే పనే.

అయినా ఇప్పుడు కొనకండి. సెమిస్టర్ పరీక్షల్లో ప్రోగ్రామబుల్‌ని సాధారణంగా గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్‌కి ఏ కాలిక్యులేటరూ పట్టుకెళ్లనివ్వరు, తెర మీద కనిపించే దాన్ని మౌస్‌తో నొక్కుకోవాల్సిందే. కేంద్ర ప్రభుత్వ ఇంజినీరు ఉద్యోగాలకి రాసే ఈఎస్ఈ మెయిన్స్‌లోనూ ప్రోగ్రామబుల్ కాని దానికే అనుమతి. ఇక ఉద్యోగంలో చేరాక సైటులో టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రం ఉంటుంది, కోఆర్డినేట్లు (ఏ బిందువు ఎక్కడుందో చెప్పే అంకెలు) అదే తీసి ఇస్తుంది. 1975లో అపోలో-సోయుజ్ యాత్రకి వెళ్లిన వ్యోమగాములు హెచ్‌పీ-65 ప్రోగ్రామబుల్‌ని వెంట తీసుకెళ్లారు. అప్పుడు అది అద్భుతం. ఇవాళ అదే పని మీ వాడి ఫోన్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పైసా ఖర్చు లేకుండా అవుతుంది. ఫోన్‌లో రాసుకోమనండి, పరీక్షకి మామూలుది వాడమనండి.

బుర్ర మొద్దుబారుతుందన్న భయం ప్రతి తండ్రికీ ఉంటుంది. మొద్దుబారేది మిషన్ వల్ల కాదు, జవాబు ఎంత రావచ్చో ముందు అనుకోకపోవడం వల్ల. పోయినేడాది ఒక అమ్మాయి నా ఎదురుగా కూర్చుని లెక్క చేసింది. 120 మీటర్ల లైను, బేరింగ్ 60 డిగ్రీలు. లాటిట్యూడ్ మైనస్ 114.29 వచ్చింది, అదే రాసేసింది. ఉత్తరానికి 60 మీటర్లు పోవాల్సిన లైను దక్షిణానికి తిరిగిపోయింది! కాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్ మోడ్‌లో (కోణానికి ఇంకో కొలమానం) ఉంది, అంతే. కాస్ 60 అంటే సగం అని ఆ అమ్మాయికి పదో తరగతి నుంచీ తెలుసు, కానీ మీట నొక్కే ముందు గుర్తు చేసుకోలేదు. మీ వాణ్ణి ఈ ఒక్క లెక్క అడిగి చూడండి. చెయ్యి కాలిక్యులేటర్ మీదకి పోకముందే "అరవై" అన్నాడంటే మీరు నిద్రపోవచ్చు.

ఇక ఏఐ కోర్సు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రం అని ప్రకటించిన దగ్గర్నుంచీ ఇదే ప్రశ్న రోజూ వింటున్నాను. ఏఐ చెడ్డదని నేననను. ఆరు నెలల సర్టిఫికెట్ మీదే నా అనుమానం. మాత్రికలూ సంభావ్యతా రాకుండా, ఎవరో రాసిన నాలుగు లైన్లు కాపీ చేసి నడిపించడం నేర్చుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. ఇంటర్వ్యూలో "ఇది ఎందుకు పనిచేస్తుంది?" అనగానే నోట మాట రాదు. లక్షలు పోసిన తల్లిదండ్రులు మళ్లీ నా దగ్గరికే వస్తారు. పైగా ఆ డేటా సెంటర్ గాల్లో వేలాడదు కదా? నేల చదును చెయ్యాలి, పునాదులు పొయ్యాలి, నీళ్లూ డ్రైనేజీ చూడాలి. అది ఏ బ్రాంచి పనో మీరే చెప్పండి.

కోపం వచ్చినా సరే, ఒక మాట అంటాను. మీ అబ్బాయి విసుగు లెక్కని ఒకసారి ప్రోగ్రాముగా రాసి పారేద్దామనుకున్నాడు. మీరు వేలు పోసి నేర్పించాలనుకుంటున్న బుద్ధి అదే. అది వాడికి సివిల్‌లోనే పుట్టింది, మీ కంటికి మాత్రం కాలిక్యులేటర్ పేచీలా కనబడింది. రెండేళ్లుగా "సివిల్‌లో ఏముంది" అని ఇంట్లో ఎన్నిసార్లు అన్నారో గుర్తు చేసుకోండి. పక్కింటి వాళ్ల అబ్బాయి సీఎస్ఈ అయితే అవనివ్వండి.

ఇవాళ రాత్రి అన్నాలయ్యాక "ఆ ట్రావర్స్ ఏటో చూపించరా" అని అడగండి. అర్థం కాకపోయినా పది నిమిషాలు కూర్చోండి. ఫోన్‌లో రాసిన ప్రోగ్రాము పనిచేశాక కూడా, సర్వే క్యాంపుకి వెళ్లే ముందు ఆ తొమ్మిది వేలదే కావాలంటే అప్పుడు కొనిపెట్టండి. ఏఐ కోర్సు ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి.